చెరువు బఫర్‌ను టాట్‌లాట్ లెక్కలో కలిపితే ఒప్పుకోవాలా?

తూముకాడ:
హైదరాబాద్‌లో చెరువు ఆనుకుని ఐదెకరాల సైటు ఉందనుకోండి. చెరువు 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్‌గా, ఖాళీగా వదలాలి, చిన్నదైతే 9. కానీ భవన నిర్మాణ నిబంధనలిచ్చిన 2012 నాటి జీవో 168 ఆ పట్టీని టాట్‌లాట్ కింద, అంటే పిల్లల ఆటకూ పచ్చదనానికీ వదిలే ఖాళీ స్థలం కింద చూపుకోనిస్తుంది (సెట్‌బ్యాక్ కింద, అంటే భవనం చుట్టూ వదిలే ఖాళీ కింద కాదు). ఐదెకరాలంటే 20,234 చదరపు మీటర్లు, అందులో టాట్‌లాట్‌కు వదలాల్సిన 10 శాతం 2,023. పెద్ద చెరువై, ఆ వైపు హద్దు 70 మీటర్లుంటే బఫరే 2,100! లోపల ఒక్క గజం నేల వదలకుండా సెల్లార్లు తవ్వి, పైన పోడియం గార్డెన్ (సెల్లార్ల స్లాబు మీద తోట) వేస్తామంటున్నారు బిల్డర్లు.

స్లాబుపని:
రూలే ఒప్పుకుంటే బిల్డర్ని అని ఏం లాభం? పోడియం మీదా చెట్లు పెరుగుతాయండీ. గడ్డికి 30 సెంటీమీటర్ల మట్టి చాలు, చెట్టుకు మీటరు పైనే కావాలి. వాటర్‌ప్రూఫింగ్, దాని మీద వేర్లు ఆపే షీటు, నీళ్లు పోయే డ్రైన్ సెల్, మట్టి జారకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన మట్టి. మట్టి పోసేముందు 48 గంటలు నీళ్లు నిలిపి చూడాలి.

నల్లరేగడి:
బరువు సంగతి వదిలేశారు. తడిసిన మట్టి ఘనపు మీటరు దాదాపు 1.8 టన్నులు. 1.2 మీటర్లు పోస్తే చదరపు మీటరుకు రెండు టన్నులు దాటుతుంది. స్లాబు డిజైన్‌లో ముందే లెక్కేయకపోతే చివరికి మిగిలేది గడ్డీ, కుండీలే. బ్రోషర్‌లో మాత్రం అడవి!

స్లాబుపని:
నిజమే. అందుకే చెట్లను పిల్లర్ల నెత్తిన పెడతారు, మట్టిలో కోకోపీట్ కలిపి బరువు తగ్గిస్తారు. మర్రి, రావి జోలికి మాత్రం పోకూడదు. దేవగన్నేరు లాంటివి నయం.

తూముకాడ:
చెట్టు బతికినా నీళ్లు ఇంకవు కదా. 10 సెంటీమీటర్ల వాన పడితే 1,000 చదరపు మీటర్ల మీద లక్ష లీటర్లు. మట్టి కొంత పట్టుకున్నా మిగతాది పైపుల్లో పడి నాలాకే. ఇక బఫర్‌లో పిల్లల ఆటస్థలం అంటారా, అలుగు పారే మట్టానికి ఆనుకున్న నేల అది. అసలు వానల్లో అక్కడ ఉయ్యాల ఊగేదెవరు?

నల్లరేగడి:
శాంక్షన్ ప్లాన్‌లో రెండు చూడండి: సెల్లార్ హద్దు గీత ఎక్కడిదాకా ఉంది, సెక్షన్ డ్రాయింగ్‌లో (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) మట్టి లోతు రాశారా లేదా. లోతు రాయని పోడియాన్ని గార్డెన్ అని నేనైతే ఒప్పుకోను.

స్లాబుపని:
లోతు రాయమనడం సబబే. బఫర్‌ను లెక్కలోంచి తీసేయమంటే మాత్రం జీవోనే మార్చాలి, అది బిల్డర్ చేతిలో లేదు.