అభిమాన విద్వాంసుడు పక్క సీట్లో కూర్చుంటే నోరు పెగల్లేదు, మీకూ ఇలా జరిగిందా?

వయొలిన్ వెంగళప్ప:
పోయిన వారం నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను, విజయవాడకి. చేతిలో నా వయొలిన్ పెట్టె. నా సీటు వెతుక్కుని చూస్తే పక్క సీట్లో ఆయన! పేరు రాయను, ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు. కచేరీలు వినేవాళ్ళు ఎవరైనా గుర్తుపట్టే వయొలిన్ విద్వాంసుడు. నేను ఈ వాయిద్యం పట్టుకోవడానికి కారణమే ఆయన. నాకు నలభై ఒకటి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, ఆరేళ్ళుగా పొద్దున్నే ఐదింటికి లేచి, పిల్లలు లేచేలోపు తలుపులు వేసుకుని సాధన చేస్తున్నాను. ఇప్పటికి వర్ణాల దాకా, అంటే కీర్తనలకి ముందు నేర్పే పాఠాల దాకా వచ్చాను, అదీ రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తడబడుతూ.

ఆయన తన పెట్టె పైన పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, చంటిపిల్లని పట్టుకున్నట్టు. కాసేపటికి నా పెట్టె చూసి, "మీరూ వాయిస్తారా?" అని అడిగారు. నేనేమన్నానో తెలుసా? "ఊరికే సార్, టైంపాస్‌కి."

ఆరేళ్ళు ఐదింటికి లేచినవాణ్ణి టైంపాస్ అన్నాను! ఆయన "మంచిది" అని నవ్వి కిటికీ వైపు తిరిగారు. ఆ తర్వాత మేము మాట్లాడుకున్నది ఒంగోల్లో ఇడ్లీ బాగుంటుందా లేదా అన్న విషయమొక్కటే. దిగే ముందు సెల్ఫీ అడిగాను, కాదనలేదు. ఫొటోలో నా కళ్ళు మూసుకుపోయాయి. ఇంటికొచ్చాక మా ఆవిడ "సరే, ఏం అడిగావు ఆయన్ని?" అంటే ఇడ్లీ సంగతి చెప్పుకోలేక మాట మార్చాను.

నా ప్రశ్న ఏమిటంటే, ఇలాంటప్పుడు అసలు ఏం మాట్లాడాలి? మనలాంటి అరకొర వాయించేవాళ్ళు వాళ్ళని కదపడం తప్పా? మీకెవరికైనా ఇలా ఎదురుపడ్డారా?

రవ్వముద్ద:
వెంగళప్ప గారూ, మీరు బాధపడకండి, నాదింకా అధ్వాన్నం. నేను మృదంగం నేర్చుకునే రోజుల్లో, డిగ్రీ రెండో సంవత్సరం, మా వీధి రామనవమి పందిట్లో కచేరీ. మృదంగానికి వచ్చినాయన నేను క్యాసెట్లు అరిగిపోయేలా విన్నవాడు. మా ఊరికి ఆయన రావడమే వింత. నేను వెనకాల కుర్చీలు సర్దుతున్నాను. ఇంతలో "అబ్బాయ్, రవ్వ మర్చిపోయొచ్చాం, తొందరగా తే" అని కేక. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, కచేరీకి ముందు మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి మీద, తడిపిన రవ్వ ముద్ద మెత్తుతారు, అప్పుడే ఆ వైపు మంద్రంగా, గుండెలో దిగినట్టు పలుకుతుంది. కచేరీ అయ్యాక గీకేస్తారు.

నేను చెప్పులు కూడా లేకుండా కిరాణా కొట్టుకి పరిగెత్తాను. కంగారులో లావు రవ్వ పట్టుకొచ్చాను, అంటే గోధుమ నూకలాంటిది. ఆయన పొట్లం విప్పి చూసి, నన్ను చూసి, "దీంతో ఉప్మా కూడా సరిగ్గా కుదరదు కదరా" అన్నారు. అందరూ నవ్వారు. మళ్ళీ పరిగెత్తి సన్న రవ్వ తెచ్చాను. ఈసారి ఆయన నా చేతిలోనే గిన్నె పెట్టి కలపమన్నారు. నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే ఎండి ఊడిపోతుంది, చెవి తమ్మె పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో అంత ఉండాలి అని తన చెవి పట్టుకుని చూపించారు. నేనూ నా చెవి పట్టుకున్నాను. ముద్ద మెత్తాక మధ్యలో నొక్కి, వాయించి, చిటికెడు తీసి, మళ్ళీ వాయించి... ఐదు నిమిషాలు నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు.

నేనూ నేర్చుకుంటున్నానని ఆయనకి చివరిదాకా చెప్పనేలేదు! కుర్చీలబ్బాయి అనుకునే వెళ్ళిపోయారు. కానీ ఇప్పటికీ రవ్వ కలిపేటప్పుడు చెవి పట్టుకుని చూసుకుంటాను. మా ఇంట్లో వాళ్ళకి అది పెద్ద జోకు.

మొహమాటం లేనివాడు:
అందరూ తీపి కబుర్లే చెప్తున్నారు కాబట్టి నేను చేదు చెప్తా. కచేరీ అయ్యాక గ్రీన్‌రూమ్‌లోకి దూరి ఒక పెద్ద గాయకుడి కాళ్ళకి దండం పెట్టి, అక్కడే ఆలాపన మొదలుపెట్టాను, విని చెప్పండి అని. ఆయన మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి "బాబూ, మూడు గంటలు పాడి వచ్చాను, పక్కకి జరుగు" అన్నారు. రెండేళ్ళు ఆయన రికార్డులు వినలేదు కోపంతో. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు పూర్తిగా నాదే. ఆకలి మీద ఉన్న మనిషి ముందు ఆలాపన ఏమిటి అసలు. రైల్లో, ఎయిర్‌పోర్ట్‌లో, టిఫిన్ దగ్గర అయితే పర్వాలేదు, కచేరీకి ముందు అరగంట, తర్వాత అరగంట మాత్రం వదిలేయండి. ఇంకోటి, "నా వీడియో చూడండి" అని ఫోన్ ముందు పెట్టకండి దయచేసి.

ఒహాయో అమ్మలు:
అండీ, వాళ్ళ పక్కన దర్జాగా కూర్చోవాలంటే అమెరికాలో మా క్లీవ్‌లాండ్ రండి. ఇక్కడ త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది, ఏటా ఈస్టర్ రోజుల్లో. త్యాగరాజు ఐదు పంచరత్న కీర్తనల గోష్ఠిలో పిల్లలు, మనలాంటి వంటింటి గాయకులు, పెద్ద విద్వాంసులు అందరూ కలిసి పాడతారు. తిరువయ్యారులో త్యాగరాజు వర్ధంతి అయిన పుష్య బహుళ పంచమి నాడు కావేరి ఒడ్డున ఎలా పాడతారో అదే పద్ధతి.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు నాలుగు కీర్తనలే వచ్చు. నాట, గౌళ, ఆరభి, శ్రీ రాగాల్లోవి. వరాళి రాగంలో ఉన్న "కనకనరుచిరా" రాదు, ఎందుకంటే వరాళి నేరుగా నేర్పితే గురుశిష్యులకి చెడుతుందని మా టీచర్‌కి పట్టింపు, విని నేర్చుకో అని వదిలేశారు. నేను వినలేదు, బద్ధకం. ఆ కీర్తన మొదలవగానే ఊరికే పెదాలు కదుపుతున్నాను, చేప నీళ్ళలో నోరు తెరిచినట్టు. పక్కనావిడ ఎవరో కూడా చూడలేదు, అంత టెన్షన్. ఆవిడ తన పుస్తకం మెల్లగా నా ఒళ్ళో సగం పెట్టి, చరణం దగ్గర వేలు పెట్టి, తను పాడుతూనే ఒక్కో లైనుకి వేలు జరుపుతూ వచ్చారు. అయ్యాక తలెత్తి చూస్తే ఎవరు! నా ఫోన్‌లో సగం పాటలు ఆవిడవే. "వచ్చే ఏడాదికి నేర్చుకురా" అన్నారు, అంతే. ఆ ఏడాది మా ఇంట్లో వరాళి తప్ప ఇంకోటి వినబడలేదు, మా అబ్బాయి హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు.

పాత పాటల మేష్టారు:
కదపడం తప్పా అని అడిగారు కాబట్టి చెప్తున్నాను. గూడూరులో పాటల పోటీకి అతిథిగా వచ్చిన జానకి గారు ఒక కుర్రాడి పాట విని, సినిమాల్లో ప్రయత్నించమన్నారు. ఆ కుర్రాడు బాలు. ఆ సంగతి ఆయన ఎన్ని వేదికల మీద చెప్పుకున్నారో లెక్కలేదు. 1966 డిసెంబర్‌లో కోదండపాణి గారి సంగీతంలో మొదటి పాట రికార్డు చేశారు. ఇక విజయనగరంలో, 1919లో సంగీత కళాశాల పెట్టిన కొత్తలో, ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, వాయించింది విని ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని చెప్తారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని వినడం మన దగ్గర కొత్తేమీ కాదు.

వయొలిన్ వెంగళప్ప:
మేష్టారూ, నమస్కారం, కానీ బాలు గారు, ద్వారం వారు ఎక్కడ, నేనెక్కడ! వాళ్ళని విన్నారంటే వినదగ్గది ఉంది. నా రెండో కాలం వింటే ఆయన చీరాల్లోనే దిగిపోయేవారు. నాకు రవ్వముద్ద గారిదే దగ్గరగా అనిపించింది. ఆయన పాండిత్యం చూపించుకోలేదు, రవ్వ తెచ్చారు, ఒక పని నేర్చుకున్నారు.

ఇప్పుడు ఇంకా మండుతోంది, ఎందుకంటే మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఒంగోలు దాటాక ఆయన పెట్టె ఒకసారి తెరిచారు, ఏసీ చలికి తీగలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికేమో. మూలన గుడ్డలో చుట్టిన చిన్న నూనె సీసా కనబడింది. నాకు ఆరేళ్ళుగా ఉన్న బాధ ఏమిటంటే, జారు వేసేటప్పుడు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి వేలు జార్చేటప్పుడు, చెమటకి వేలు తీగ మీద పట్టేస్తుంది, కీచుమంటుంది, స్వరాన్ని ఊపే గమకం మధ్యలో తెగిపోతుంది. పౌడర్ రాశాను, గుడ్డతో తుడిచాను, లాభం లేదు. మందు రెండడుగుల దూరంలో ఉంది. "సార్, అది ఏం నూనె?" అని అడిగితే పోయేదేముంది? నేను ఇడ్లీ గురించి మాట్లాడాను.

రవ్వముద్ద:
హహహ. మా కచేరీల్లో పక్కన కూర్చునే వయొలిన్ వాళ్ళు చాలామంది కొబ్బరి నూనే వాడతారు. ఎడమ చేతి వేళ్ళ కొసలకి తడి తగిలీ తగలనట్టు, ఒక్క చుక్క నాలుగు వేళ్ళకి. కుడి చేతికి అంటించుకోకండి, కమాను, అంటే తీగల మీద లాగే కర్ర, దాని వెంట్రుకలకి నూనె తగిలితే పట్టు కోసం వాడే రోజిన్ ఎంత రాసినా పట్టదు, జారిపోతూనే ఉంటుంది. రాశాక ఆ చేత్తో కమాను సర్దడం అలవాటుంటే ముందు అది మానుకోండి.

వయొలిన్ వెంగళప్ప:
రాసి చూశాను ఇందాక, శంకరాభరణ రాగం వాయిస్తూ. కీచు తగ్గింది. కమానుకి కూడా అంటించేశాను, మీరు చెప్పింది తర్వాత చదివాను. వెంట్రుకలు మార్పించడానికి ఎవరైనా విజయవాడలో ఉన్నారా?