నిల్వ ఉంచిన డి-76లో కాంట్రాస్ట్ పెరిగిపోతోంది

ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ని ఐఎస్‌ఓ 400 దగ్గరే తీసి, సొంతంగా కలుపుకున్న డి-76 డెవలపర్‌ని 1+1గా (అంతే నీళ్లు కలిపి) పలచన చేసి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు డెవలప్ చేస్తున్నాను. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. అందరికీ తెలిసిన పాత లెక్కే. ఒకసారి వాడింది పారబోస్తాను.

తాజాగా కలిపినప్పుడు నెగెటివ్‌లు చక్కగా వస్తాయి. అదే స్టాక్ (పలచన చేయని ద్రావణం) నెల దాటిందంటే ఆకాశం, తెల్ల చొక్కాలు నెగెటివ్‌లో నల్లగా మూసుకుపోతున్నాయి, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) కూడా ముతకగా కనిపిస్తోంది. పాతబడితే నీరసించాలి గానీ ఇదేం తిరకాసు!

థర్మామీటర్ మార్చాను, ట్యాంక్ తిప్పడం తగ్గించాను, సీసాని మూత దాకా నింపి పెట్టాను. తేడా లేదు. ఫిల్మ్ అంచున ఫ్యాక్టరీలోనే పడే అంకెలు కూడా మునుపటికంటే చిక్కగా ఉన్నాయి, వాటి మధ్య ఖాళీ మాత్రం శుభ్రంగానే ఉంది. అంటే తప్పు ఎక్స్‌పోజర్‌ది కాదు, ఫాగ్ (ఫిల్మ్ అంతటా పరుచుకునే మసక) కూడా కాదు. డెవలప్‌మెంటే ఎక్కువవుతోంది. టైమ్ తొమ్మిదిన్నర నిమిషాలకు తగ్గిస్తే ఆ రోల్ బాగానే వచ్చింది, కొన్నాళ్లకు మళ్లీ అదే గోల.

హైడ్రోక్వినోన్, సల్ఫైట్ ఆక్సీకరణ చెందే క్రమంలో క్షారం పుట్టి, నిల్వలో పీహెచ్ (ద్రావణం ఎంత క్షారమో చెప్పే కొలత) పెరుగుతుందట. ఈ కొద్ది బోరాక్స్‌కి బఫర్ బలం, అంటే పీహెచ్‌ని నిలకడగా ఉంచే శక్తి, తక్కువ కాబట్టి దాన్ని ఆపలేదు. అందుకే బోరాక్స్ 8, బోరిక్ యాసిడ్ 8 గ్రాములు వేసే డి-76డి అనే రకానికి మారాలనుకుంటున్నాను. అది వాడుతున్నవాళ్లు చెప్పండి: ఈ ఫిల్మ్‌కి 1+1లో 11 నిమిషాలే సరిపోతాయా, టైమ్ పెంచాలా?