ఐటీ కంపెనీల సాయం ఊళ్ల దాకా ఎలా తెచ్చుకోవాలి?

పల్లెకుర్రాడు: మా హైస్కూల్‌కి మూడేళ్ల కింద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లొచ్చి ఎనిమిది కంప్యూటర్లు ఇచ్చి, రిబ్బన్ కత్తిరించి, ఫోటోలు దిగి వెళ్లారు. ఇప్పుడవి హెడ్మాస్టర్ గదిలో పాత దుప్పటి కింద పడున్నాయి. యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, నేర్పే మనిషి లేడు. సాయం అసలు ఎలా అడగాలి? అమ్మ వాళ్ల సంఘం పచ్చళ్లు పెడుతుంది, వాళ్లకేమైనా దారుందా?

లెక్కలమాస్టారు: అది వాళ్ల దయేమీ కాదు తమ్ముడూ, చట్టం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి ఖర్చు పెట్టాలి, అందులో చదువు, మహిళల ఉపాధి రెండూ వస్తాయి. ఎన్జీవో ద్వారా వెళ్తే దానికి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ (సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థలు కేంద్ర ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు) ఉందో లేదో చూసుకో. ఈసారి కంప్యూటర్లు అడక్కు, రెండేళ్లు టీచర్ జీతం అడుగు.

సుజాతక్క: మాస్టారి మాటే నాదీ. 2015లో గూగుల్, టాటా ట్రస్ట్స్ పెట్టిన ఇంటర్నెట్ సాథీ అనే కార్యక్రమంలో ఊరి ఆడవాళ్లకే ముందు నేర్పారు, వాళ్లు తిరిగి మిగతావాళ్లకి ఫోన్‌లో ఇంటర్నెట్ నేర్పారు. పచ్చళ్లకి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించు. మీది తెలంగాణ అయితే హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది, 2018లో ప్రభుత్వమే ఆడవాళ్ల వ్యాపారాల కోసం పెట్టింది.

పల్లెకుర్రాడు: తెలంగాణే అక్కా, నల్గొండ వైపు. ముందు బ్యాటరీల రేటు కనుక్కుంటా.