షుగర్ ఉండి ఒకసారి పడ్డ అమ్మని నడవనివ్వాలా, కూర్చోబెట్టాలా?

వరండాకుర్చీ:
అమ్మకి 74. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పోయిన నెల బాత్రూంలో పడింది. మణికట్టు వాచింది కానీ ఎముక విరగలేదు. అప్పటినుంచి అన్నయ్య సాయంత్రం నడక మాన్పించేశాడు. "ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది, కుదురుగా కూర్చుంటే చాలు" అంటాడు. కూర్చోబెడితే ఉన్న బలమూ పోతుందని నేను. రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

మొండిఘటం72:
నాకూ షుగరే. పడ్డాక మా పిల్లలు నన్నూ మూడు నెలలు కూర్చోబెట్టారు. ఆ తర్వాత చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవలేకపోయాను! పడతానేమోనని కూర్చుంటే, కూర్చున్నందుకే పడే స్థితికి వచ్చాను. నడవనివ్వండి. రోజూ గంట నడిస్తే అన్నీ సర్దుకుంటాయి.

ఫిజియో_పదేళ్లు:
అంతా ఒప్పుకుంటాను, ఆ చివరి వాక్యం తప్ప. నడక షుగర్‌కి మంచిది, గుండెకి మంచిది. కానీ ఒక్క నడకే పడకుండా కాపాడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసిన 2019 కాక్రేన్ సమీక్షలో వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయి. ఆ ఫలితం ముఖ్యంగా బ్యాలెన్స్, కాళ్ల బలం మీద పనిచేసిన పద్ధతుల నుంచి వచ్చింది. నడక ఒక్కటే చేయించిన చోట విషయం తేలలేదు.
వరండాకుర్చీ గారూ, అమ్మగారు పడినప్పుడు ఏం చేస్తున్నారు?

వరండాకుర్చీ:
ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుందట, అంతే. ఇంకోటి. ఆ మధ్య ఒకరోజు హాల్లోంచి వంటింట్లోకి వచ్చింది. ఎడమకాలి చెప్పు హాల్లోనే ఉండిపోయింది. "చెప్పేదమ్మా?" అంటే కిందకి చూసుకుని తనే ఆశ్చర్యపోయింది. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

ఫిజియో_పదేళ్లు:
నవ్వి వదిలేసే విషయం కాదండీ అది. పాదాల నరాలు మొద్దుబారినట్టున్నాయి. కాళ్లకి నేల సరిగ్గా తెలియనప్పుడు ఆ లోటు కళ్లు పూడుస్తాయి. సబ్బుతో కళ్లు మూసుకోగానే ఆ ఆసరా కూడా పోయింది. అర్ధరాత్రి చీకట్లో లేచినా ఇదే జరుగుతుంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని ఒక సన్నటి నైలాన్ పోగుతో పాదం తాకి, స్పర్శ తెలుస్తోందా అని చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. కళ్లు కూడా చూపించండి.

పాతకాలం:
స్పర్శ లేని కాళ్ల మీద నిలబెట్టి వ్యాయామాలు చేయిస్తే పుండ్లు పడతాయని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. వరండాకుర్చీ గారి అన్నయ్య భయంలో తప్పేముంది?

ఫిజియో_పదేళ్లు:
చెప్పేవారు, నిజమే. 2008లో నరాలు దెబ్బతిన్న 79 మంది షుగర్ రోగుల మీద జరిగిన ట్రయల్ వచ్చాక ఆ మాట మెత్తబడింది. నిలబడి, నడిచి వ్యాయామం చేసినా పుండ్లు పెరగలేదు. పాదాలు రోజూ చూసుకోవాలి, ఒట్టికాళ్లతో తిరగకూడదు, ఉన్న పుండు మానాలి. ఆ షరతులు మాత్రం ఉన్నాయి.

పాతకాలం:
అదే ట్రయల్‌లో పడిపోవడాలు తగ్గాయా? అది కూడా చెప్పండి మరి.

ఫిజియో_పదేళ్లు:
తగ్గలేదు. దాచను. పెరగనూ లేదు. ఎక్కువ భాగం ఇంట్లో సొంతంగా చేసుకునేదే కాబట్టి బ్యాలెన్స్‌కి సరిపడా పని పడలేదేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువు కాదు. నరాలు దెబ్బతిన్నవాళ్ల విషయంలో మిగతా పెద్దవాళ్లంత ధీమాగా మాట్లాడలేం. అయినా కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

మాత్రలపెట్టె:
ఇంతసేపూ మందుల గురించి ఒక్కరూ అడగరేంటి? గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో, ఇన్సులినో వాడుతుంటే షుగర్ 70 కిందకి జారి తూలొచ్చు. వ్యాయామానికి ముందు 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని మొదలుపెట్టాలి. బీపీ కూడా పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఒకసారి చూడండి. పై అంకె 20 పడిపోతే, మాత్రల సంగతి తేలేదాకా ఏ వ్యాయామమైనా తర్వాతే. మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

మొండిఘటం72:
ఇది నాకూ తెలీదు. రేపే చూపించుకుంటా.

వరండాకుర్చీ:
వారం తర్వాత వచ్చాను. నిలబడితే బీపీ 24 పడుతోంది. డాక్టర్ ఒక బీపీ మాత్ర తగ్గించారు. వంటగట్టు పట్టుకోనిచ్చి, ఒక పాదం మడమని రెండో పాదం బొటనవేలికి ఆనించి నిలబెట్టాం. చెయ్యి వదిలితే నాలుగు సెకన్లు. వేలు ఆనిస్తే పది. వాచీ పట్టుకుంది అన్నయ్యే.

ఫిజియో_పదేళ్లు:
చెయ్యి వదిలి పది సెకన్లు నిలబడలేకపోతే పడే ప్రమాదం ఎక్కువనే అర్థం. వేలు ఆనించే మొదలుపెట్టండి, వెనకాల కుర్చీ, పక్కన ఒక మనిషి. దాంతోపాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఎన్నిసార్లు అన్నది దగ్గరుండి చూసే ఫిజియో చెప్పాలి. వారంలో రెండు మూడు రోజులైనా సాగాలి.

మొండిఘటం72:
మరి సాయంత్రం నడక?

వరండాకుర్చీ:
ఇంకా తేలలేదండీ. బీపీ కుదుటపడేదాకా వద్దని అన్నయ్య, నేను తోడుంటానని నేను. చివరికి అమ్మనే అడిగాం. "నడక సంగతి తర్వాత, ముందు ఆ బాత్రూంలో పట్టుకోడానికి ఓ కడ్డీ పెట్టించండి" అంది. నెల రోజులుగా కొట్టుకుంటున్నాం, ఇద్దరికీ అది తట్టలేదు.