మిత్రుడి పుస్తకానికి మెచ్చుకోలు ఉత్తరం: ఏం రాస్తే బాగుంటుంది?

ప్రశ్న (కాకినాడ నుంచి)

నా చిన్ననాటి స్నేహితుడు, అమెరికాలో మందుల పరిశోధన చేసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవిత చరిత్ర రాశాడు. వాడికి మందుల షాపు ఉంది. రాత్రి కొట్టు కట్టేశాక కూర్చుని రాసిన పుస్తకం ఇది. సమీక్షలు బాగా వచ్చాయి, మొదట వేసిన కాపీలన్నీ అయిపోయి మళ్ళీ అచ్చుకు వెళ్ళింది. ఫోన్లో "కంగ్రాట్స్ రా" అన్నాను గానీ తృప్తి కలగలేదు. చేత్తో ఉత్తరం రాద్దామని కూర్చుంటే "అద్భుతంగా ఉంది" దగ్గరే కలం ఆగిపోతోంది. ఇలాంటి పుస్తకం రాసినవాళ్ళకి ఏ మాట వింటే నిజంగా సంతోషం కలుగుతుంది?

జవాబు (భీమవరం నుంచి)

సుబ్బారావు గారు 1895లో మా ఊళ్ళోనే పుట్టారు. ముందుగా మీ మిత్రుడికి మా ఊరి తరఫున అభినందనలు చెప్పండి. ఏ పేజీ దగ్గర ఆగిపోయి మళ్ళీ చదివారో అది రాయండి చాలు.

జవాబు (అమలాపురం నుంచి)

నేనూ ఆ పుస్తకం చదివానండీ. నర్సుగా చేసి రిటైరయ్యాను. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు ఇచ్చి, మా ఎదురుగానే మింగించేవాళ్ళం. ఆ మందు సుబ్బారావు గారి బృందం అమెరికాలో, లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిందని ఈ పుస్తకంలోనే చూశాను. మా గోదావరి మనిషి పని సముద్రాలు దాటి తిరిగి మా గోదావరి జిల్లాల వాకిళ్ళకే వచ్చిందన్నమాట! ఆ పేజీ మా పాత సిబ్బంది అందరికీ చదివి వినిపించాను. మీ ఉత్తరంలో ఈ సంగతి కూడా చేర్చండి, ఆయనకి తెలియాలి.

ఇంకొకటి. మనవాళ్ళ గురించి రాసేటప్పుడు అన్నీ ఆయనే కనిపెట్టాడని రాసేస్తుంటారు. మీ మిత్రుడు అలా చేయలేదు. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్ అనీ, ఆ పరిశోధనలకు నాయకత్వం వహించింది సుబ్బారావు అనీ విడదీసి చెప్పారు. రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతికి ఆయనతో కలిసి పనిచేసిన ఫిస్క్ పేరు కూడా ఎందుకుందో వివరించారు. అభిమానం ఉండి కూడా ఇంత నిక్కచ్చిగా రాయడం తేలిక కాదు. నేనైతే ముందు దీన్నే మెచ్చుకుంటాను.

స్ప్రూ జబ్బు అధ్యాయం దగ్గర మాత్రం కన్నీళ్ళు ఆగలేదు. సుబ్బారావు గారి తోడబుట్టినవాళ్ళు ఇద్దరు ఆ పేగుల జబ్బుతోనే కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి, 1945లో, ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకి అది మందుగా పనికొచ్చింది. రచయిత ఇక్కడ ఒక్క విశేషణం కూడా వాడలేదు, గమనించారా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

సుబ్బారావు గారి భార్య శేషగిరి గారి ప్రస్తావన మరవకండి. 1923లో భర్త బోస్టన్ వెళ్ళారు, 1948లో అమెరికాలోనే కన్నుమూశారు, మళ్ళీ ఇంటికి రానే లేదు. ఆవిడ గురించి అన్ని పేజీలు రాసినందుకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి. వెనకాల పేర్ల సూచిక లేకపోవడం ఒక్కటే లోటు. అది ఉత్తరంలో వద్దు, విడిగా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఉత్తరం ఇలా మొదలుపెట్టాను: "ఒరేయ్, డగ్గర్‌కి దక్కాల్సింది డగ్గర్‌కి ఇచ్చావు చూడు, అక్కడ నిన్ను చూసి గర్వపడ్డాను. అమలాపురంలో ఒక నర్సమ్మ గారు నీ పుస్తకం తోటివాళ్ళకి చదివి వినిపించారట. శేషగిరి గారి అధ్యాయం మా ఆవిడ చదివి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు." మిగతాది ఈ రాత్రికి పూర్తిచేసి పొద్దున్నే పోస్టు చేస్తాను. సూచిక మాట ఫోన్లో ఇవాళే చెబుతాను, రెండో ముద్రణ ఇంకా ప్రెస్‌లోనే ఉంది.