డెంటల్ క్లినిక్ తనిఖీ: ముందే చెప్పి రావాలా, చెప్పకుండా రావాలా?

తెనాలి_ఆడపడుచు: వాణియంబాడి సంగతి చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. తమిళనాడులో, మన చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. 2023లో ఒక డెంటల్ క్లినిక్‌లో వైద్యం చేయించుకున్న వాళ్ళలో ఎనిమిది మంది మెదడుకు ఇన్ఫెక్షన్ పాకి చనిపోయారు. పంటి నొప్పికని వెళ్ళినవాళ్ళు! మన దగ్గర కూడా అధికారులు చెప్పాపెట్టకుండా వచ్చి చూడాలి, రిపోర్టు క్లినిక్ తలుపు మీద అంటించాలి. మీరేమంటారు?

పల్నాడు_పళ్ళడాక్టర్: అమ్మా, ముందు విషయం సరిగ్గా తెలుసుకోండి. అక్కడ తప్పు జరిగింది సెలైన్ బాటిల్ వాడిన తీరులో. సర్జరీకి వాడే పరికరంతోనే బాటిల్ తెరిచి, దూది పెట్టి మూసి, మళ్ళీ అదే వాడారు. పరికరాల మీది క్రిములను వేడి ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌కూ దానికీ సంబంధం లేదు. నేను ప్రతి సెట్టూ 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ప్రెషర్‌లో పెట్టి తీస్తాను. పదహారేళ్ళ ప్రాక్టీసు నాది.

నాయుడుపేట_కుర్రాడు: ఆటోక్లేవ్ మాట ఆవిడ ఎత్తలేదు కదా సార్?

పల్నాడు_పళ్ళడాక్టర్: తనిఖీ అంటే అదే చూస్తారు బాబూ. అందుకే చెప్తున్నా.

చెయిర్‌సైడ్_అక్క: నేను తొమ్మిదేళ్ళు డెంటల్ అసిస్టెంట్‌గా చేశాను. పాత క్లినిక్‌లో ఒకసారి తనిఖీ అని ముందురోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని మూడు నెలల స్టెరిలైజేషన్ రిజిస్టర్ నేనే రాశాను. ఒకటే చేతిరాతలా కనబడకూడదని నీలం పెన్ను కొన్ని పేజీలకు, నల్ల పెన్ను కొన్ని పేజీలకు. శుభ్రం చేసిన పరికరాలు పెట్టి మూసే పౌచ్‌ల మీద పాత తేదీలు కొట్టేసి కొత్తవి వేశాం. పరికరాలు నానబెట్టే స్పిరిట్ ట్రే బాత్రూంలో దాచాం. తెరిచి ఉన్న సెలైన్ పారబోసి కొత్త బాటిల్ పెట్టాం. డాక్టర్ గారూ, సెలైన్ అయినా ఆటోక్లేవ్ అయినా, చెప్పి వస్తే ఏదీ దొరకదు.

పల్నాడు_పళ్ళడాక్టర్: మీ పాత యజమాని చేసిన తప్పుకి నేను జవాబు చెప్పాలా?

చెయిర్‌సైడ్_అక్క: మిమ్మల్ని అనలేదు. ఒక్కటి అడుగుతాను. పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ కూడా ప్రతి పేషెంట్‌కీ ఆటోక్లేవ్‌లో పెడతారా? అది ఆగినప్పుడు ఉమ్మీ రక్తం లోపలికి పీల్చుకుంటుంది. పైన తుడిస్తే పోదు. స్పోర్ టెస్ట్ ఎప్పుడు చేయించారు? పౌచ్ మీది టేపు రంగు మారితే వేడి తగిలిందని తెలుస్తుంది, అంతే. క్రిములు చచ్చాయో లేదో స్పోర్ టెస్ట్‌లోనే తేలుతుంది.

పల్నాడు_పళ్ళడాక్టర్: హ్యాండ్‌పీస్‌లు నాలుగున్నాయి, మార్చి మార్చి వాడతాను. స్పోర్ టెస్ట్ అడిగిన అధికారి ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

నాయుడుపేట_కుర్రాడు: అంటే చేయించలేదన్నమాట.

పల్నాడు_పళ్ళడాక్టర్: మాటలు జాగ్రత్త! నా దగ్గరికి రెండుసార్లు తనిఖీకి వచ్చారు. బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ఎక్స్‌రే కాగితాలు ఉన్నాయా, చెత్తకు పసుపు సంచీ ఎర్ర సంచీ వేరువేరుగా ఉన్నాయా అని అడిగారు. ఆటోక్లేవ్ మూత తెరిచి చూసినవాడు లేడు. రెండు వీధుల అవతల డిగ్రీ లేనివాడు పళ్ళు పీకుతున్నాడు, వాడి గడప ఎవరూ తొక్కరు. అప్పు చేసి క్లినిక్ పెట్టి, కాగితాలన్నీ కట్టుకున్నవాడినే మళ్ళీ మళ్ళీ తనిఖీ చేయమంటారు. ఇదేం న్యాయం?

కాకినాడ_రిటైర్డ్: డిగ్రీ లేనివాడి మీదకు ముందు వెళ్ళాలన్నది నిజమే.

తెనాలి_ఆడపడుచు: వెళ్ళమనండి, కాదన్నదెవరు? కానీ మా అమ్మకు పన్ను తీసింది డిగ్రీ ఉన్న డాక్టరే. మూడోరోజుకి దవడ వాచిపోయింది, నోరు తెరుచుకోలేదు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఎందుకిలా అయిందని అడిగితే "షుగర్ ఉంది కదమ్మా" అన్నారు. షుగర్ వల్లేనేమో, నేను కాదనను. కానీ ఆ రోజు పరికరాలు శుభ్రంగా ఉన్నాయో లేవో చెప్పగల కాగితం ఒక్కటీ చూపించలేదు. నేను కేసు పెట్టలేదు, డబ్బు అడగలేదు.

పల్నాడు_పళ్ళడాక్టర్: మీ అమ్మగారి సంగతికి బాధగా ఉంది. అయినా సరే, అసలు మాట చెప్తాను. చెప్పకుండా రండి, నాకు భయం లేదు. నాకు భయమల్లా ఆ తలుపు మీద కాగితమే. చిన్న ఊరు మాది. రిజిస్టర్‌లో ఒక సంతకం తక్కువైందని రాసి అంటిస్తే, జనం దాన్ని "ఆ క్లినిక్‌లో రోగాలు అంటుతాయట" అని చదువుతారు. నెల తిరిగేసరికి మూసుకోవాలి.

చెయిర్‌సైడ్_అక్క: సంతకం తప్పు వేరు, స్టెరిలైజేషన్ తప్పు వేరు అని విడదీసి రాయొచ్చు కదా. సరిదిద్దాక మళ్ళీ వచ్చి చూసి, కొత్త కాగితం అంటించాలి.

పల్నాడు_పళ్ళడాక్టర్: రేపటి నుంచి పౌచ్ పేషెంట్ కళ్ళ ముందే చింపుతాను. స్పోర్ టెస్ట్ కూడా ఈ నెలలో చేయిస్తాను. తలుపు మీద కాగితానికి మాత్రం ఒప్పుకోను.

తెనాలి_ఆడపడుచు: పౌచ్ చూసి మా అమ్మకు ఏం తెలిసేది డాక్టర్ గారూ? ఆవిడకు చదువు రాదు. తలుపు మీద కాగితం ఉండి ఉంటే నేను చదివేదాన్ని. ఆ రోజు ఆవిడను తీసుకెళ్ళింది నేనే.