కళాశాల క్రీడాకారులు ప్రకటనల ద్వారా సంపాదించవచ్చా? మా చెల్లెలి విషయంలో సలహా కావాలి

నెల్లిమర్ల అన్నయ్య:

అందరికీ నమస్కారం. మా చెల్లెలు విజయనగరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ వెయిట్ లిఫ్టింగ్ సాధన చేస్తోంది. వయసు 19. రాష్ట్ర స్థాయిలో పతకాలు వచ్చాయి. విశ్వవిద్యాలయం తరఫున కూడా పాల్గొంది. సాధన వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతూ ఉంటుంది కనుక, ఇక్కడి జిమ్ములకు వెళ్ళే పిల్లలకు ఆమె ముఖం బాగా పరిచయం. ఈ మధ్య ప్రోటీన్ పౌడర్లు, లిఫ్టింగ్ బెల్టులు, బూట్లు అమ్మే దుకాణదారు ఒకరు మా ఇంటికి వచ్చి, నెలకు 4,000 రూపాయలూ ఒక ప్రోటీన్ డబ్బా ఇస్తామనీ, ప్రతిగా నెలకు రెండు రీల్స్ చేసి, దుకాణం ఫ్లెక్సీ మీద ఫోటో వేసుకోవడానికి ఒప్పుకోవాలనీ అడిగారు. రెండు పేజీల ఒప్పంద పత్రం కూడా ఇచ్చి వెళ్ళారు.

మాది ఒకరి జీతం మీద నడిచే ఇల్లు. లిఫ్టర్ తిండి ఖర్చు ఎంతో తెలిసినవారికి నేను చెప్పనవసరం లేదు. గుడ్లూ పాలూ మాంసమూ పోటీల ప్రయాణాలూ కలుపుకుంటే ఆ నాలుగు వేలు మాకు పెద్ద ఆసరా. అయితే కళాశాలలో ఆటలు చూసుకునే పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) మాస్టారు దీనికి సుముఖంగా లేరు. చదువుకునే పిల్లలు ఆటను అమ్ముకోకూడదని ఆయన అభిప్రాయం. మా బాబాయి కొడుకేమో, అమెరికాలో కళాశాల విద్యార్థులే కోట్లు సంపాదిస్తున్నారు, మీరింకా మీనమేషాలు లెక్కిస్తున్నారని అంటున్నాడు. విద్యార్థిగా ఉండగా ప్రకటనల ద్వారా సంపాదించడం సమంజసమేనా? సమంజసమైతే, ఏయే విషయాల్లో జాగ్రత్త పడాలి?

టెక్కలి నుంచి టెక్సాస్:

అమెరికా ప్రస్తావన వచ్చింది కనుక ఆ సంగతి కాస్త వివరంగా రాస్తాను. ఇక్కడి కళాశాల క్రీడలను నడిపే ప్రధాన సంస్థ ఎన్.సి.ఎ.ఎ. దాదాపు వందేళ్ళ పాటు ఆ సంస్థ, ఉపకార వేతనం తప్ప క్రీడాకారుడు తన ఆట పేరుతో పైసా తీసుకోకూడదన్న నియమాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. అదే కాలంలో టీవీ హక్కుల మీద, టికెట్ల మీద, జెర్సీల అమ్మకం మీద కళాశాలలు వేల కోట్లు గడించాయి. కోచ్‌ల జీతాలు ఏడాదికి లక్షల డాలర్లు దాటిపోయాయి. డబ్బు ముట్టకూడని వాడల్లా మైదానంలో చెమటోడ్చే కుర్రవాడే. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాడు డొనాల్డ్ డి లా హే యూట్యూబ్ వీడియోల మీద వచ్చే ఆదాయాన్ని వదులుకోవడానికి ఒప్పుకోనందుకు ఆడే అర్హతతో పాటు ఉపకార వేతనాన్నీ పోగొట్టుకున్నాడు.

ఈ గోడకు మొదటి బీట వేసిన వాడు ఎడ్ ఒబానన్ అనే పాత బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఒక వీడియో గేమ్‌లో అచ్చం తనలాగే ఉన్న బొమ్మ తన నంబరు జెర్సీతోనే ఆడుతూ ఉండటం చూసి, దాని మీద తనకు రూపాయి కూడా రాకపోవడం ఏమిటని 2009లో కోర్టుకు వెళ్ళాడు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం కళాశాల క్రీడాకారులకు ప్రకటనల ఆదాయం మీద హక్కు కల్పిస్తూ చట్టం చేసింది. 2021 జూన్‌లో, క్రీడాకారులకు ఇచ్చే ప్రయోజనాల మీద ఉన్న పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఏకగ్రీవంగా ఎన్.సి.ఎ.ఎ.కు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పు చదువుకు సంబంధించిన ప్రయోజనాల వరకే పరిమితమైనా, గాలి ఎటు వీస్తోందో సంస్థకు అర్థమైంది. ఆ ఏడాది జూలై 1 నుంచి పేరు, రూపం, గుర్తింపుల మీద సంపాదించుకునే స్వేచ్ఛ ఇచ్చేసింది. ఇక 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన, హౌస్ అనే ఈతగాడి పేరుతో నడిచిన కేసు రాజీ ప్రకారం కళాశాలలే నేరుగా క్రీడాకారులకు ఆదాయంలో వాటా ఇవ్వవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కళాశాలకు సుమారు 2.05 కోట్ల డాలర్లు పరిమితి.

మీ తమ్ముడు చెప్పే కోట్లు నిజమే కానీ, అవి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ తారలవీ, లక్షల మంది అనుచరులున్న కొద్దిమందివీ. మిగిలిన వారిలో చాలామందికి దక్కేది ఊరి హోటల్ వారి భోజనమో, ఒక జత బూట్లో. ఇంకొక మాట. మన దేశం నుంచి విద్యార్థి వీసా మీద ఇక్కడికి వచ్చి ఆడే పిల్లలకు ఈ సంపాదన దాదాపు అందని ద్రాక్షే, ఎందుకంటే ఆ వీసాతో పని చేయడం మీద కఠినమైన ఆంక్షలు ఉన్నాయి. కనుక అమెరికాను చూసి ఆశ పడవద్దు. అమెరికా వందేళ్ళు నిలబెట్టిన నిషేధాన్ని చూసి భయపడనూ వద్దు.

విశ్రాంత పి.డి., శ్రీకాకుళం:

బాబూ, మీ కళాశాల మాస్టారి వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కనుక రాస్తున్నాను. ఉద్యోగ జీవితమంతా పిల్లలను ఆడించినవాణ్ణి. మాకు డబ్బు మీద ద్వేషం ఏమీ లేదు. ఒకే జట్టులో ఒక అమ్మాయి ఫోటో ఫ్లెక్సీ మీదికి ఎక్కి, అంతే కష్టపడే తక్కిన పిల్లలను ఎవరూ పట్టించుకోనప్పుడు, సాయంత్రం సాధనకు వచ్చే ముఖాలు ఎలా మారతాయో మేము చూస్తాం. పైగా ఎవరికి ప్రకటన వస్తుందన్నది ఎవరు ఎంత బరువు ఎత్తారన్న దాని మీద ఆధారపడదు. చూడటానికి ఎవరు బాగున్నారు, ఎవరు కెమెరా ముందు నవ్వగలరు అన్నదే అక్కడ కొలత. ఆడపిల్లల విషయంలో ఈ కొలత ఎంత దూరం పోతుందో నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

రీల్స్ అంటే ఉత్త రెండు నిమిషాల పని కాదు. ఒక మంచి లిఫ్ట్ కెమెరాకు చిక్కాలని అదే బరువును అలసిన నడుముతో మళ్ళీ మళ్ళీ ఎత్తుతారు. గాయాలు అక్కడ పుడతాయి. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకం ఖేలో ఇండియా ఉపకార వేతనానికి ఎంపికైన పిల్లలకు నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చుకు అందుతున్నాయి. అటువంటి దారి కోసం ప్రయత్నించడం, దుకాణాల వెంట పడటం కంటే గౌరవంగా ఉంటుందని నా అభిప్రాయం.

పాత లిఫ్టర్, ఆమదాలవలస:

మాస్టారికి నమస్కారం. గాయాల గురించి మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. గౌరవం గురించి చెప్పిన దానితో మాత్రం ఏకీభవించలేను. మన శ్రీకాకుళం స్టేడియానికి ఎవరి పేరు పెట్టుకున్నాం? కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి, టికెట్ కొన్న జనం ముందు తన బలాన్ని ప్రదర్శించారు. అందువల్ల ఆయన గౌరవం తగ్గిందని ఈ జిల్లాలో ఎవరూ అనరు. ఇక ఖేలో ఇండియా జాబితాలో చోటు దొరకని పిల్లలే ఎక్కువ. వారు ఏం తిని ఎత్తాలి?

అసలు విద్యార్థుల ముఖాలతో వ్యాపారం ఇక్కడ కొత్తదా? ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నిలబడి తల ఎత్తి చూడండి. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు, పతకాలు వచ్చిన పిల్లల ఫోటోలు, కింద అడ్మిషన్లకు ఫోన్ నంబర్లు. ఆ ఫోటోకు పిల్లలకు దక్కేది ఒక శాలువా, ఒక మెమెంటో. కళాశాల వాడుకుంటే ప్రోత్సాహం, దుకాణం డబ్బిచ్చి వాడుకుంటే అమ్ముకోవడం అన్న లెక్క నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

అయితే తమ్ముడూ, నీ ప్రశ్నలో నాకు కంటగింపుగా ఉన్నది ఆ నాలుగు వేలు కాదు, ఆ డబ్బా. నిషేధిత పదార్థం లిఫ్టర్ శరీరంలో దొరికితే, అది ఎలా వచ్చింది, తెలిసి తీసుకుందా తెలియక తీసుకుందా అన్న ప్రశ్న తర్వాతది. ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం తన శరీరంలోకి వెళ్ళిన ప్రతి పదార్థానికీ క్రీడాకారిణిదే పూర్తి బాధ్యత. నిషేధం నాలుగేళ్ళ వరకూ పడవచ్చు. 19 ఏళ్ళ అమ్మాయికి నాలుగేళ్ళు అంటే విశ్వవిద్యాలయపు పోటీలన్నీ పోయినట్టే, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం పోయినట్టే. డబ్బాలో కల్తీ ఉందని తర్వాత నిరూపించుకుంటే శిక్ష తగ్గవచ్చు. కానీ ఆ నిరూపణకు అయ్యే పరీక్షల ఖర్చు ఎవరు భరిస్తారు? దుకాణదారు భరిస్తాడని ఆ రెండు పేజీల్లో రాసి ఉందా?

నేను జిమ్ముల్లో ఈ డబ్బాలు చాలా చూశాను. దిగుమతిదారు పేరున్న స్టిక్కర్‌ను గోటితో లేపితే కింద ఇంకొక స్టిక్కర్ కనిపిస్తుంది. బ్యాచ్ నంబరు ఉండవలసిన చోట స్పిరిట్‌తో తుడిచిన మరక ఉంటుంది. మూత కింద వెండి రేకు అంటించిన తీరులోనే తేడా తెలిసిపోతుంది. అన్ని దుకాణాలూ ఇలాంటివని అనను. కానీ ప్రకటన చేసిన అమ్మాయి ఆ డబ్బా తాగకుండా ఉండటం కుదరదు కదా. తాను తాగనిదాన్ని తాగుతున్నానని రీల్‌లో చెప్తే అది అబద్ధం, తాగితే ప్రమాదం.

మన ఉత్తరాంధ్ర వాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి మొదట కాంస్యం వచ్చింది. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్ పరీక్షలో దొరకడంతో మన అమ్మాయి పతకం రజతమైంది. అప్పుడు మనం మిఠాయిలు పంచుకున్నాం. దొరికిన ఆ పిల్ల వయసు 16 ఏళ్ళు.

కనుక నా సలహా ఇది. బెల్టు, బూట్లు, మణికట్టు పట్టీలు, సాధన దుస్తులు, ఇవి ఎన్నిటికైనా నిశ్చింతగా ప్రకటన చేయవచ్చు. నోట్లోకి వెళ్ళే ఏ వస్తువుకూ, ఎంత ఇచ్చినా, ఒప్పుకోవద్దు.

విజయనగరం న్యాయవాది:

పై సమాధానం తర్వాత చెప్పవలసినది తక్కువే. మీ చెల్లెలికి 18 నిండాయి కనుక ఒప్పందం మీద ఆమే సంతకం చేయవచ్చు, చేయాలి కూడా. మీరో మీ నాన్నగారో ఆమె తరఫున చేయడం కుదరదు. ఆ పత్రంలో ఫోటోల వాడకం ఎంత కాలం అన్నది మొదట చూడండి. ఇలాంటి పత్రాల్లో తరచుగా శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో, అన్ని శాఖల్లో అనే మాటలు ఉంటాయి. అంటే ఏడాది తర్వాత డబ్బు ఆగిపోతుంది, ఫ్లెక్సీ మాత్రం ఆగదు. ఒప్పందం ముగిసిన నెల రోజుల్లో బొమ్మలన్నీ తీసివేయాలని రాయించండి. ఒక మనిషి రూపాన్ని ఆమె అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోవడం చిన్న విషయం కాదు; 2021లో టోక్యో పతకం తర్వాత పి.వి. సింధు తన ఫోటోలను అనుమతి లేకుండా అభినందనల నెపంతో వాడుకున్న సంస్థలకు లీగల్ నోటీసులు పంపించారు.

రెండోది, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన వారికి కూడా 10 లక్షల రూపాయల వరకూ, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకూ జరిమానా పడవచ్చు. ప్రకటనలోని మాటలు నిజమో కాదో తగినంత విచారించుకున్నామని చూపించగలిగితే మినహాయింపు ఉంటుంది. ఈ పౌడర్‌తో నెలలో పది కిలోల కండ అన్న వాక్యం ఆమె నోట పలికిస్తే, దాని బరువు ఆమె మీదే పడుతుంది. డబ్బు తీసుకుని చేసిన రీల్ అయితే, అది ప్రకటన అని చూసేవారికి తెలిసేలా అందులోనే రాయాలి.

రేపు రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం వస్తే, ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇలాంటి సంపాదనకు అనుమతి కావాలి. కనుక ఉద్యోగం వచ్చిన రోజున ఎటువంటి పరిహారమూ చెల్లించకుండా బయటికి వచ్చే షరతు తప్పనిసరిగా ఉండాలి. కళాశాల చిహ్నం ఉన్న జెర్సీ వేసుకుని మాత్రం ఏ ప్రకటనా చేయవద్దు. ఆ చిహ్నం ఆమెది కాదు. ఇంత కోట్లు కురిసే అమెరికాలో కూడా కళాశాల అనుమతి లేకుండా వారి లోగో వాడటానికి వీల్లేదు. మీ మాస్టారి అభ్యంతరంలో సగం దీనితోనే తీరిపోవచ్చు.

నెల్లిమర్ల అన్నయ్య:

అందరికీ కృతజ్ఞతలు. పత్రం మళ్ళీ చదివాము. ఫోటోల వాడకం దగ్గర శాశ్వతంగా అన్న మాట ఉంది. వేరే ఏ దుకాణం వస్తువులూ మూడేళ్ళ వరకూ వాడకూడదని కూడా ఉంది. అంటే జాతీయ శిబిరానికి ఎంపికై అక్కడి వారు వేరే బూట్లు ఇచ్చినా చిక్కే. చెల్లెలితో కూర్చుని మాట్లాడాను. పౌడర్ వద్దు, బూట్లకూ బెల్టుకూ అయితే ఏడాదికి చేస్తాను, నెలకు 2,500 ఇచ్చినా చాలు, రీల్ మాత్రం ఒక్కటే, అదీ మామూలు సాధన రోజు తీసినదే, అని తనే చెప్పింది. దుకాణదారుకు అలాగే కబురు చేశాము. పౌడర్ లేకపోతే తనకు గిట్టుబాటు కాదని ఆయన అంటున్నాడు. బూట్ల కంపెనీ వారితో మాట్లాడి చెప్తానన్నాడు.

విశ్రాంత పి.డి., శ్రీకాకుళం:

అమ్మాయి మంచి మాటే చెప్పింది. గిట్టుబాటు కాదన్నప్పుడే అతను అసలు ఏమి అమ్మదలచుకున్నాడో తెలిసింది కదా. జట్టులోని తక్కిన పిల్లల విషయంలో నా అభ్యంతరం నాకు ఉంది, దానిని వదులుకోను. కానీ ఒప్పందం కుదిరితే, సంతకం చేసే ముందు ఆ పత్రం నకలు ఒకటి మీ కళాశాల మాస్టారికి ఇచ్చి, ఆయనకు తెలిసేలా చేయండి. తర్వాత ఎవరో ఫ్లెక్సీ చూసి చెప్తే ఆయనకు కష్టంగా ఉంటుంది.